వెలుగుకు పెట్టి చూడని ఇత్తడి జాలీ

ఆ శుక్రవారం పొద్దున ఫోన్ మోగినప్పుడు నేను కారు కింద పడుకుని ఉన్నాను. రెండు చేతుల నిండా గేరు నూనె. పక్కన గచ్చు మీద పెట్టిన ఫోన్ తెర మీద ‘ఉస్తాద్’ అని పేరు వెలుగుతోంది. పొద్దున్నే ఆయన అడిగేది ఒకే ఒక్క మాట, “పడ్డదా?” అని. లేదు, లేదు అని జవాబు చెప్పీ చెప్పీ నాకే సిగ్గు పుట్టింది. మోచేత్తో ఫోన్ నొక్కి, ఆయన అడగకముందే నేనే అన్నాను, “ఇంకా పడలే ఉస్తాద్. ఇయ్యాల పొద్దుగూకేలోపట చేస్త.”

అటువైపు నుంచి అమ్మ గొంతు వినిపించింది. ఉస్తాద్ భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను. “బేటా, ఆయన లేడు. నమాజ్‌కు లేపుదామని పోతె లేస్తలేడు” అంది.

ఆ ఫోన్‌కు నేను చెప్పిన ఆఖరి మాట ‘ఇంకా పడలే’. దాన్ని ఆయన వినలేదు కదా అని సర్దుకుందామంటే అదీ కుదరదు. అంతకుముందు మూడు వారాలుగా ఆయన నా నోట విన్నది కూడా అదే.

ఉస్తాద్ బోధన్‌లో గేరుబాక్సుల మేస్త్రీ. షక్కర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు లారీలు, ట్రాక్టర్లు ఆయన షెడ్డు ముందు వరస కట్టేవట. నేను పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని నిజామాబాద్‌లో నాలుగు షెడ్లు తిరిగి, ఎవరూ రమ్మనక, ఆఖరుకు ఆయన దగ్గరికి పోయాను. నా డిప్లొమా కాగితాన్ని తీసుకుని ఎండకు ఎత్తి పట్టుకుని చూశారు. “కాగితం మందంగనే ఉన్నది. ఏదీ, చేతులు చూపియ్యి” అన్నారు. చేతులు చూసి నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఆయనకు ‘ఇంజనీర్ సాబ్’ని. తర్వాత నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద నా సొంత షెడ్డు పెట్టుకున్నా, జుట్టు నెరిసినా ఆ పిలుపు మారలేదు. తప్పు చేసినప్పుడు మాత్రం ఇంజనీర్ పోయి ‘బేటా’ వచ్చేది. ఆ బేటా వింటేనే నాకు చెమటలు పట్టేవి.

దేన్నైనా వెలుగుకు పెట్టి చూడటం ఆయన అలవాటు. వాషరు, వాల్వు, రబ్బరు రింగు, ఏది చేతికి వచ్చినా ముందు కిరసనాయిల్‌లో కడిగి, షెడ్డు బయటికి వచ్చి ఎండలోకి ఎత్తేవారు. అమ్మ ఇచ్చిన చాయ్ గ్లాసును కూడా అట్లాగే ఎత్తి చూసేవారు. “దాంట్ల పిస్టన్ ఏం లేదు, తాగు” అని అమ్మ కసిరేది. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక దవాఖానలో ఇచ్చిన రక్తపరీక్ష కాగితాన్నీ కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎత్తి పట్టుకున్నారు. “దాంట్ల ఏం కనవడ్తది ఉస్తాద్?” అన్నాను. “కాగితం మంచిగనే ఉన్నది. రాసిందే మంచిగ లేదు” అన్నారు.

విప్పిన సామానంతా ఒక తెల్ల బట్ట మీద పరిచేవారు. మురికి పనికి తెల్ల బట్ట ఏమిటని నేను మొదట్లో నవ్వుకున్నాను. “నల్ల బట్ట మీద పెడితె మురికి నీకు కనవడదు, నీ తప్పు గూడ కనవడదు” అని చెప్పారు. నేను షెడ్డు పెట్టుకున్నప్పుడు ఆ బట్టల్లో ఒకదాన్ని ఉతికి, మడతపెట్టి, పూలదండతో పాటు నా చేతిలో పెట్టారు.

ఇక కారు సంగతి చెప్పాలి. అది ఇంగ్లీషు కారు, మా ఉస్తాద్ కంటే నాలుగైదేళ్లే చిన్నది. ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక పెద్ద ఇంజనీరు ఊరు వదిలి వెళ్తూ, దీన్ని బాగుచేసుకోగలిగేది మీరొక్కరే అని ఉస్తాద్‌కే ఇచ్చి పోయాడు. దాని గేరుబాక్స్ వెనక ఓవర్‌డ్రైవ్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. నాలుగో గేరులో పోతూ డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ నొక్కితే, బండి వేగం తగ్గకుండానే ఇంజన్ తిరగడం తగ్గుతుంది. చప్పుడు సగానికి సగం పడిపోతుంది. మన ఇప్పటి కార్లలో ఐదో గేరు చేసే పనే అది. దాన్నే మేము ‘పడటం’ అంటాం. అది నూనె ఒత్తిడి మీద నడుస్తుంది. లోపల ఒక పంపు నూనెను తోస్తుంది, ఒక ఇనుప గోలీ ఆ నూనె వెనక్కి పోకుండా అడ్డం కూర్చుంటుంది. గోలీ సరిగా కూర్చోకపోతే ఒత్తిడి నిలవదు, ఓవర్‌డ్రైవ్ పడదు. అంతవరకు తెలిస్తే మీకు చాలు.

ఏళ్ల తరబడి కదలక ఆ పెట్టెలో రబ్బర్లన్నీ గట్టిపడిపోయాయి. ఉస్తాద్ చేతులు అప్పటికే వణకడం మొదలైంది. వారానికి మూడు రోజులు బోధన్ నుంచి నిజామాబాద్ దవాఖానకు ఆటోలో వచ్చి పోయేవారు. ఆ గుంతలకు నడుము విరిగిపోతోందని ఎన్నడూ అనలేదు గానీ, దిగేటప్పుడు ఆటో కడ్డీ పట్టుకుని రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడేవారు. ఒక రోజు నేను వెళ్లి డయాలసిస్ మంచం పక్కన కూర్చుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

“ఇంజనీర్ సాబ్, కారు నీ షెడ్డుకు తీస్కపో. ఓవర్‌డ్రైవ్ నువ్వే కట్టు. అది పడ్డంక ఒక్కసారి నన్ను దాంట్ల కూసోబెట్టి ఇంటికాడ దింపు. ఆటోల కాదు, మనిషి లెక్క ఇంటికి పోవాలె.”

“ఓవర్‌డ్రైవ్ లేకున్నా కారు నడుస్తది గద ఉస్తాద్. రేపే తీస్కపోత.”

“సగం పనైన బండిల నేను కూసోను.”

అది నిజమే. ఎంత పెద్ద మనిషి వచ్చి తొందరపెట్టినా పని మిగిలి ఉన్న బండిని షెడ్డు దాటనిచ్చే మనిషి కాదు. నేను సరేనని మాట ఇచ్చాను. ఆయన ఆరోగ్యం ఎట్లా ఉందో డాక్టరు నాకు విడిగా చెప్పి ఉన్నాడు. మాకు ఎక్కువ రోజులు లేవని నాకు తెలుసు.

రబ్బర్లు, రింగుల కిట్టు విదేశం నుంచి పార్సెల్‌లో వచ్చింది. తెల్ల బట్ట పరిచి ఒక్కో భాగం విప్పి పెట్టాను. అడుగు ప్లేటు విప్పితే జాలీ వచ్చింది. నూనెను వడకట్టి పంపులోకి వదిలే ఇత్తడి జాలీ అది, వేలంత పొడవుంటుంది. దాన్ని చూడగానే నా చేయి ఆగిపోయింది. అది ఉస్తాద్ చేసింది. నేను చేరిన ఏడాదే, అసలు జాలీ పాడై, కొత్తది దొరక్క, షక్కర్ ఫ్యాక్టరీలో చక్కెరను ఆపి పాకాన్ని బయటికి పంపే యంత్రం జాలీ ముక్క ఒకటి తుక్కులోంచి అడిగి తెచ్చారు. అమ్మ బట్టలు కుట్టే కత్తెరతో కత్తిరించి, స్క్రూడ్రైవర్ పిడికి చుట్టి, సీసం కరిగించి వెంట్రుకంత సన్నగా టాంకా పెట్టారు. కత్తెర మొద్దుబారిందని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. “చక్కెరను ఆపిన జాలీ మన మురికిని ఆపదా?” అని ఆయన పొంగిపోయారు. నా జీవితంలో మొదటిసారి చేతిపని అంటే ఏమిటో చూసింది ఆ రోజే.

కిట్టులో కొత్త జాలీ వచ్చింది. చిన్న ప్లాస్టిక్ సంచిలో నిగనిగలాడుతూ ఉంది. నేను దాన్ని సొరుగులో పడేసి ఉస్తాద్ జాలీనే కడిగి, తుడిచి, మళ్లీ బిగించాను. వెలుగుకు పెట్టి చూడలేదు. ప్రతి వాషరునూ చూశాను, ప్రతి రింగునూ చూశాను, దాన్ని ఒక్కదాన్ని చూడలేదు. ఆయన చేసినదాన్ని నేను పరీక్ష చేయడమేమిటి అనిపించింది. ఇది రాస్తుంటే కూడా నా చెంప నేనే పగలగొట్టుకోవాలని ఉంది.

మొదటి రోజు జానకంపేట దాటాక స్విచ్ నొక్కాను. పడింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. ఉస్తాద్‌కు ఫోన్ చేసి చెబుదామని బండి పక్కకు తీసి, మళ్లీ ఒకసారి చూసుకుందామని ఇంకో రెండు కిలోమీటర్లు పోయి నొక్కితే పడలేదు. ఎంత నొక్కినా పడలేదు. ఆ రోజు షెడ్డుకు ఎట్లా వచ్చానో నాకే తెలియదు.

మరునాడు గోలీ తీసి కడిగి బిగించాను. పడింది. సాయంత్రానికి పోయింది. స్విచ్ మార్చాను, తీగలన్నీ మార్చాను, నూనె మార్చాను. ఒత్తిడి చూసే గేజ్ తగిలిస్తే ముల్లు లేచి, వణికి, కూలబడేది. గేరుబాక్స్ మొత్తం దించి మళ్లీ ఎక్కించాను, రెండుసార్లు. వేరే బండ్ల పని ఆపేశాను. అన్నం ముందు కూర్చున్నా ఆ ముల్లే కనిపించేది. “మనిషివి కాకుండ పోతున్నవు” అని నా భార్య ఏడ్చింది. కాలుగాలిన పిల్లిలా షెడ్డులో తిరిగేవాణ్ని. అటు డయాలసిస్ రోజులు పెరిగాయి. మంచం దిగడానికి ఉస్తాద్‌కు ఇద్దరు సాయం పట్టాల్సి వస్తోంది.

బండి నడుపుతూ ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, గేరు రాడ్ పక్కన పెట్టేవాణ్ని. బోధన్‌లో మంచం మీద పడుకుని ఆయన వినేవారు. ఎండుతున్న పసుపు వాసన మధ్య నుంచో, చెరుకు బండ్ల వెనకాలో నేను పోతుంటే ఆ ఫోన్‌లోంచి దగ్గు, ఆ దగ్గు మధ్యలో ప్రశ్నలు.

“పొద్దుగాల పడ్తలేదా, వేడైనంక పడ్తలేదా?”

“రెండూ ఉన్నయ్ ఉస్తాద్. ఒక దినం గట్ల, ఒక దినం గిట్ల. గోలీ కడిగితె మల్ల పడ్తది.”

“కడిగితె పడ్తదంటె గోలీ తప్పు గాదు. నూనెల ఏదో తిరుగుతున్నది. అదచ్చి గోలీ కింద ఇరుక్కుంటున్నది. యాడికెల్లి వస్తున్నదో చూడు.” తర్వాత అడిగారు, “జాలీ ఏం వేసినవు? కిట్టుల రాలేదా?”

నేను అబద్ధం చెప్పాను. “రాలేదు ఉస్తాద్. మీరు చేసిందే వేసిన.”

“ఇంకా ఉన్నదా అది?” ఆయన గొంతులో ఎన్నాళ్లకో ఒక సంతోషం వినిపించింది. పక్కన అమ్మతో “నీ కత్తెరతోని కత్తిరించింది ఇంకా నడుస్తున్నదట” అని చెప్పడం కూడా నాకు వినపడింది. ఆ సంతోషం విన్నాక నేను నిజం చెప్పగలనా? చెప్పాల్సింది. చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగారు. ఈసారి గొంతు నెమ్మదిగా ఉంది. “బేటా, జాలీ వెలుగుకు పెట్టి చూసినవా?”

బేటా అన్నారు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. “చూసిన ఉస్తాద్. మంచిగున్నది” అన్నాను.

“నాదని ఊకె ఉండకు. నా చేతిపని గూడ పాతగైతది.”

ముసలితనం, రోగం, ఆయనను చిన్నబుచ్చుతున్నాయి, అందుకే తన పనిని తానే అనుమానిస్తున్నారు అనుకున్నాను. చూడండి నా తెలివి. ఆయన బండి రోగం కనిపెట్టి మందు కూడా చేతికిస్తే, నేను ఆయన రోగాన్నే చూసి జాలిపడుతూ కూర్చున్నాను.

బుధవారం సాయంత్రం ఫోన్ చేశారు. ఆ రోజు ‘పడ్డదా’ అని అడగలేదు. “రేపు దవాఖానకు నన్ను ఆ కార్ల తీస్కపో” అన్నారు.

“ఇంకా పడలే ఉస్తాద్.”

“పడకున్న మంచిదే. నాలుగో గేర్ల పోదాం. మెల్లగ పోదాం.”

జీవితమంతా సగం పనైన బండిలో కూర్చోని మనిషి, ఆ రోజు కూర్చుంటానన్నాడు. నేను ఏమన్నానో చెబుతాను. “రెండు దినాలు ఆగుండ్రి ఉస్తాద్. సగం పనైన బండిల మిమ్మల్ని కూసోబెట్ట. శనివారం పక్కాగ తీస్కపోత” అన్నాను. ఆయన నేర్పిన మాటే ఆయనకు అప్పజెప్పి, మంచి శిష్యుణ్ని అని లోలోపల గర్వపడ్డాను కూడా. అటునుంచి “సరె ఇంజనీర్ సాబ్, నీ ఇష్టం” అని వినిపించింది. గురువారం ఆయన ఆటోలోనే వచ్చి ఆటోలోనే వెళ్లారు. శుక్రవారం తెల్లవారేసరికి లేరు.

జుమ్మా నమాజ్ తర్వాత మట్టి చేశారు. అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను. నా గోళ్ల సందుల్లో నలుపు అట్లాగే ఉంది. అన్నం తినే ముందు రంపపు పొట్టుతో, సబ్బుపొడితో గోళ్లు తోమితే గానీ నన్ను కూర్చోనిచ్చేవారు కాదు. ఆ చేతులతోనే ఆయన మీద మట్టి వేసి వచ్చాను. ఏడుపు రాలేదు. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, ఇప్పటికీ అది దిగలేదు.

తర్వాత పది రోజులు కారు ముఖం చూడలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, ఇక అమ్ముకుందామా, తగలబెడదామా అన్నంత విసుగులో అడుగు ప్లేటు విప్పాను. జాలీ చేతిలోకి వచ్చింది. ఎందుకో, అలవాటుగా, షెడ్డు బయటికి వెళ్లి ఎండకు ఎత్తి పట్టుకున్నాను.

టాంకా పక్కన, శనగగింజంత మేర, ఇత్తడి పోగులు తెగిపోయి ఉన్నాయి. మిగిలిన పోగులు వేలితో తాకితే రాలుతున్నాయి. ఇన్నేళ్లు నూనెలో నాని పుచ్చిపోయాయి. ఆ రాలిన పోగే గోలీ కింద ఇరుక్కుంటోంది. నేను గోలీ కడిగినప్పుడల్లా కిరసనాయిల్‌లో కొట్టుకుపోయి, నా కంటికి ఎన్నడూ దొరకలేదు. మర్నాటికి ఇంకో పోగు రాలేది. ఆయన మంచం మీద నుంచి చెవితో చూసింది, నేను చేతిలో పట్టుకుని కూడా చూడలేదు.

సొరుగులోంచి కొత్తది తీసి బిగించాను. పావుగంట పని. ఆ పావుగంట పని మొదటి వారంలో చేసి ఉంటే ఆయన ఆ కారులో ఎన్నిసార్లు ఇంటికి పోయేవారో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, షెడ్డు గచ్చు మీద కూర్చుని అప్పుడు ఏడ్చాను.

గురువు పట్ల భక్తి ఉండాలని అందరూ చెబుతారు. నాకు కావలసినంత ఉండింది. ఆయన మాట కంటే ఆయన చేసిన వస్తువును ఎక్కువ గౌరవించాను. ఆయన బతికి ఉంటే ఆ జాలీని చూసి బాధపడేవారు కాదని ఇప్పుడు నాకు తెలుసు. “ఎన్ని దినాలు నడిచిందిరా ఇది” అని నవ్వి, అమ్మకు చూపించి, అవతల పారేసేవారు.

మరునాడు పొద్దున్నే కారు తీశాను. పక్క సీటు మీద తెల్ల బట్ట పరిచి పాత జాలీని దాని మీద పెట్టాను. బయలుదేరే ముందు, ఏ ధైర్యంతో చేశానో తెలియదు, ఉస్తాద్ నంబరుకే ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలలు దాటేదాకా గడప దాటదు.

“ఏంది బేటా?”

“ఏం లేదమ్మా. ఫోన్ ఆయన తలకింది మెత్త మీద పెట్టి ఊకనె వినుండ్రి.”

బట్ట రాసుకున్న చప్పుడు వినిపించింది. నేను ఫోన్‌ను గేరు రాడ్ పక్కన పెట్టాను. జానకంపేట దాటాక రోడ్డు ఖాళీ అయింది. నాలుగో గేరు వేశాను. ఇంజన్ హోరుమంటోంది. స్విచ్ నొక్కాను.

పడింది. హోరు ఒక్కసారిగా దిగిపోయింది.

“ఏమాయె బేటా, బండి ఆగిందా?” అంది అమ్మ.

“ఆగలేదమ్మా. పోతున్నది.”

ఆమెకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. “గీ సప్పుడు కోసమేనా, గన్ని దినాలు చెవికాడ ఫోన్ పెట్టుకున్నడు” అంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. ఎడపల్లి దాటినా నేను స్విచ్ తీయలేదు. చెరుకు తోటల మీద నుంచి పొద్దుటి ఎండ కిటికీలోంచి వచ్చి పక్క సీటు మీద పడింది. తెల్ల బట్ట మీద జాలీ నీడ సన్నగా గళ్లు గళ్లుగా పరుచుకుంది. ఆ గళ్ల మధ్య, పోగులు తెగిన చోట, శనగగింజంత వెలుగు కారుతో పాటు అటూ ఇటూ కదులుతూ ఉంది.